గుండెపోటు తర్వాత గుండె ఏం తింటుంది?

(చెన్నైలో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ ఫిజియాలజీ ప్రొఫెసర్ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వరసలో ఎవరో చెయ్యి ఊపారు, సరే. ఆ ఫ్యాను చప్పుడు మించి నేనే గొంతు పెంచుతాలెండి, ముప్పై ఏళ్లు క్లాసులో చేసిన పనే.

నాకు ఇచ్చిన అంశం ‘గుండెపోటు, జాగ్రత్తలు’. జాగ్రత్తలు మీకు నాకంటే బాగా తెలుసు. ఉప్పు తగ్గించమని, నడవమని, సిగరెట్ మానమని వాట్సాప్‌లో రోజూ వస్తూనే ఉంటాయి. అందుకని అంశం కాస్త మార్చుకున్నాను, నిర్వాహకులు ఏమీ అనుకోకూడదు. ఇంకో మాట. నేను గుండె డాక్టర్ని కాను, ఫిజియాలజీ పాఠం చెప్పుకునే పంతులమ్మని. ఎంత బ్లాక్ ఉంటే స్టెంట్ వెయ్యాలని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ బ్లాక్ తీసేశాక మొదలయ్యే కథ చెప్తాను.

కథ మా అన్నయ్యదే. మూడో వరసలో కూర్చున్నాడు, పర్మిషన్ తీసుకునే చెబుతున్నాను. (నవ్వులు) రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి పెరంబూరులో ఇంట్లో ఛాతీ మధ్య బరువుగా అనిపించి లేచాడు. గ్యాసు అనుకున్నాడు. వదిన వాము నమిలించింది. తెల్లారాక సోడా తెప్పించింది. ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర. వదినని నేనేమీ అనలేదు. మన దేశంలో గుండెపోటు వచ్చినవాళ్లు 20 వేల మందికి పైగా వివరాలు సేకరించి 2008లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 360 నిమిషాలు. అంటే ఆరు గంటలు. మా వదిన దేశ సగటుకు అరగంట అటూ ఇటూ, అంతే.

స్టెంట్ వేశారు, బతికాడు. నాలుగో రోజు డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టారు. అందులో ఎనిమిది రకాల మాత్రలు. కారులో కూర్చోగానే అన్నయ్య అడిగిన రెండు ప్రశ్నలే ఇవాళ నా ప్రసంగం. “నాకు బీపీ లేదు కదే, రెండు బీపీ మాత్రలు ఎందుకు? నాకు షుగర్ లేదు కదే, షుగర్ మాత్ర ఎందుకు?” ఆ కాగితంలో మొదటిది పూర్తిగా సరైన వైద్యం. రెండోది పొరపాటు. రెండింటికీ మూలం మాత్రం ఒక్కటే, గుండెపోటు రోజున ఒంట్లో పొంగిన హార్మోన్లు.

అక్కడికి పోయే ముందు ఒక్కసారి సెంట్రల్ స్టేషన్ దాకా వెళ్లొద్దాం. స్టేషన్ పక్కనున్న మద్రాసు మెడికల్ కాలేజీలో భీమవరం నుంచి వచ్చిన ఒక కుర్రాడు చదివాడు. ఖద్దరు కోటు వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్లాడని ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రాలేదు, దాని కంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఇక్కడే ఆయుర్వేద కళాశాలలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, 1923లో బోస్టన్ వెళ్లాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని, 1929లో ఏటీపీ ఉందని చూపించాడు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు, న్యాయంగా అదీ చెప్పాలి.

ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టే చిల్లర. అన్నం, నూనె, పప్పు ఏం తిన్నా చివరికి ఆ చిల్లరగా మారాల్సిందే. గుండె బరువు 300 గ్రాములు. అది రోజుకు తయారు చేసి ఖర్చు పెట్టే ఏటీపీ సుమారు 6 కిలోలు. నిల్వ మాత్రం కొన్ని సెకన్లకే సరిపోతుంది. అప్పటికప్పుడు చేసుకుని అప్పటికప్పుడు ఖర్చు పెట్టే రోజుకూలీ బతుకు. ఫాస్ఫోక్రియాటిన్ పక్కింటివాళ్లు ఇచ్చే చేబదులు లాంటిది, ఇంకొన్ని సెకన్లు నెట్టుకొస్తుంది. సుబ్బారావుగారు 53 ఏళ్లకే, 1948 ఆగస్టులో, నిద్రలో గుండె ఆగి పోయారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు క్లాసులో గొంతు పట్టేసేది.

ఇక గుండె తిండి సంగతి. మనందరికీ చక్కెరే శక్తి అని ఒక నమ్మకం, గ్లూకోజ్ పొడి అమ్మేవాళ్ల పుణ్యమా అని. గుండెకు మాత్రం కొవ్వంటే ఇష్టం. మామూలు రోజుల్లో దాని శక్తిలో 60, 70 శాతం కొవ్వు ఆమ్లాల నుంచే వస్తుంది. మిగతాది గ్లూకోజ్, లాక్టేట్, కొవ్వు నుంచి కాలేయం చేసే కీటోన్లు. పరుగెత్తినప్పుడు కాళ్ల కండరాలు వదిలే లాక్టేట్‌ను కూడా వదలకుండా తినేస్తుంది. దొరికింది తినే మనిషే గాని, వరస ఒకటుంది.

కడుపులో ఉన్నప్పుడు ఇలా ఉండదు. అక్కడ ఆక్సిజన్ తక్కువ. అందుకని పిండం గుండె చక్కెర, లాక్టేట్ మీద బతుకుతుంది. పుట్టి, ఊపిరి పీల్చి, తల్లిపాలలో కొవ్వు దొరకడం మొదలయ్యాక కొవ్వు వైపు మళ్లుతుంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, అలసిన గుండె దగ్గర మళ్లీ కావాలి.

కొవ్వు మండిస్తే శక్తి ఎక్కువ. కాని అంతే ఏటీపీ తయారు కావడానికి చక్కెర కంటే దాదాపు పదో వంతు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. గాలి బాగా ఆడే వంటింట్లో కట్టెల పొయ్యి పర్వాలేదు. తలుపులన్నీ మూసిన గదిలో వెలిగించి చూడండి. గుండెపోటు అంటే ఆ తలుపులు మూసుకోవడమే.

రక్తనాళం మూసుకున్న నిమిషంలోపే ఆ భాగం కండరం ముడుచుకోవడం ఆపేస్తుంది. 1935లోనే జంతువుల గుండెల్లో ఇది చూశారు. చచ్చిపోయి కాదు, చిల్లర అయిపోయి. ఫాస్ఫోక్రియాటిన్ ఖాళీ అవుతుంది. ఆక్సిజన్ లేకుండా చక్కెరను సగంలోనే విరిచి రెండేసి ఏటీపీలు చేసుకుంటుంది, ఆమ్లం పేరుకుంటుంది. నిజమైన చావు సుమారు 20 నిమిషాల తర్వాత లోపలి పొరల్లో మొదలై, గంటల తరబడి బయటి పొరల దాకా పాకుతుంది. అన్నయ్య సోడా తాగుతున్నప్పుడు జరుగుతున్నది అదే.

ఈలోగా మెదడు ఏం చేస్తోంది? దానికి రక్తనాళాల బ్లాకుల గురించి తెలియదు. దానికి తెలిసిందల్లా నొప్పి, భయం, పడిపోతున్న రక్తపోటు. వేల తరాలుగా ఈ మూడూ కలిసి వస్తే దానికి అర్థం ఒక్కటే, గాయమైంది, రక్తం పోతోంది. కాబట్టి గాయానికి పంపాల్సిన సైన్యాన్నే పంపుతుంది. ముందు వచ్చేది ఆడ్రినలిన్.

ఆడ్రినలిన్ అంటే ఏమిటో మాకు చూపించింది కప్ప. మా రోజుల్లో ఫిజియాలజీ ల్యాబ్ అంటే మసి. మెరుపు కాగితాన్ని ఇత్తడి డ్రమ్ముకు చుట్టి, కిరోసిన్ దీపం పొగలో నల్లగా మసి పట్టించేవాళ్లం. చీరల మీద మసి, ముక్కులో మసి. కప్ప గుండె చిటికెన వేలి గోరంత. దాని కొసకు చిన్న కొక్కెం గుచ్చి, దారం కట్టి, ఆ దారాన్ని ఒక మీటకు తగిలిస్తాం. డ్రమ్ము తిరుగుతుంటే మీట కొస మసిని గీకుతూ తెల్లటి చిన్న చిన్న గుట్టలు గీస్తుంది. ఒక్క చుక్క ఆడ్రినలిన్ వేస్తే ఆ గుట్టలు కొండలైపోతాయి, దగ్గర దగ్గరగా జరిగిపోతాయి. క్లాసంతా “ఆహా” అనేది. ఒక ఏడాది ఒక కుర్రాడు నేను అటు తిరగ్గానే చుక్క మీద చుక్క వేస్తూ పోయాడు, కొండలు ఇంకా పెద్దవవుతాయని. అరగంట తర్వాత నేను వచ్చేసరికి లయ తప్పింది. ఒక పెద్ద గుట్ట, మూడు చిన్నవి, కాసేపు ఖాళీ గీత. రికార్డులో అంటించడానికి ఆ కాగితం పనికిరాదని వాడు ఏడుపు మొహం పెట్టాడు. నేను దాన్ని లక్క పూత పూసి దాచుకున్నాను, తర్వాత ఎన్నో ఏళ్లు గుండెపోటు పాఠానికి అదే పట్టుకెళ్లాను.

ఆడ్రినలిన్ గుండె మీద ఆగదు. కొవ్వు కణాలకు వెళ్లి కరిగి రమ్మంటుంది, రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. కాలేయానికి వెళ్లి చక్కెర వదలమంటుంది. కార్టిసాల్, గ్లూకగాన్ అనే హార్మోన్లు తోడవుతాయి. ఆడ్రినలిన్ క్లోమాన్ని ఇన్సులిన్ ఇవ్వకుండా ఆపుతుంది. కండరాల కణాల్లో చక్కెరను లోపలికి తెచ్చే ద్వారాలు ఉంటాయి. ముఖ్యంగా ఇన్సులిన్ పిలిస్తే అవి కణం పైపొరకు వచ్చి నిలబడతాయి. పిలిచేవాళ్లు తక్కువ, పిలిచినా వినిపించుకునే స్థితి లేదు. పైగా 1963లో ఫిలిప్ రాండిల్ బృందం ఎలుక గుండె మీద చూపించిందేమిటంటే, కొవ్వు జోరుగా మండుతుంటే చక్కెర మండటం దానంతటదే తగ్గుతుంది. అంటే గాలి ఆడని గదిలో ఎక్కువ గాలి కావలసిన కట్టెలే మోపులుగా వచ్చి పడుతున్నాయన్నమాట. 1968లో ఎడిన్‌బరో డాక్టర్లు లెక్క తీస్తే, రక్తంలో కొవ్వు ఆమ్లాలు బాగా పెరిగిన గుండెపోటు రోగుల్లో లయ తప్పడాలు, చావులు ఎక్కువగా కనిపించాయి.

ఇప్పుడు అన్నయ్య రెండో ప్రశ్న. ఆసుపత్రిలో చేరిన గంటలో చక్కెర 238 వచ్చింది. ఆ రోజు అతని ఒంట్లో పొంగిన హార్మోన్లకు అది రావాల్సిందే. ముందు నుంచీ షుగర్ ఉందా, ఆ రోజే పెరిగిందా అని తేల్చడానికి గత రెండు మూడు నెలల చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది. అది చెయ్యలేదు. షుగర్ అని రాసి గ్లిమెపిరైడ్ ఇచ్చి పంపారు. ఏ ఆసుపత్రి అన్నది అనవసరం, ఎక్కడైనా జరగొచ్చు. ఇంటికొచ్చి పన్నెండో రోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, గుండె దడ. మళ్లీ గుండెపోటే అనుకుని వదిన గొల్లుమంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వేలు గుచ్చి చూశాను, 52. చక్కెర నీళ్లు తాగించాం, పావుగంటలో తేరుకున్నాడు. తమాషా ఏమిటంటే ఆ చెమటలు, ఆ వణుకు కూడా ఆడ్రినలిన్‌వే. చక్కెర పడిపోయినా ఒళ్లు పంపేది అదే సైన్యాన్ని. తర్వాత హెచ్‌బీఏ1సీ చేయిస్తే 5.5. షుగర్ లేదు. ఆ మాత్ర ఆపించారు.

మొదటి ప్రశ్నకు జవాబు పెద్దది.

ఆడ్రినలిన్ గంటల్లో తగ్గాలి. నిజంగా గాయమే అయితే తగ్గుతుంది కూడా. ఇక్కడ గుండెలో ఒక ముక్క చచ్చి మచ్చ కట్టింది, పంపింగ్ తగ్గింది. మూత్రపిండాలకు రక్తం కొంచెం తక్కువగా వస్తోంది. వాటి లెక్కలో దానికి అర్థం ఇంకా రక్తం పోతూనే ఉందని. రెనిన్ వదులుతాయి, దాని వెంట యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలను బిగిస్తుంది. ఆల్డోస్టిరాన్ వచ్చి ఉప్పును, దానితో నీళ్లను పట్టి ఉంచుతుంది. ఈ ఉత్తర్వులు నెలల తరబడి ఆగవు. మిగిలిన మంచి కండరం ఎక్కువ బరువు మోస్తూ లావెక్కుతుంది, మచ్చ దగ్గర గది సాగుతుంది, సాగిన కొద్దీ పంపింగ్ తగ్గుతుంది, అది చూసి మూత్రపిండాలు మళ్లీ రెనిన్ వదులుతాయి. మనం కాళ్లకు నీరు పట్టిందని, మెట్లెక్కితే ఆయాసమని అంటామే, దాని మొదలు ఇక్కడ.

గుండె కూడా ఊరికే కూర్చోదు. రోజంతా కాలింగ్ బెల్ కొడుతుంటే మనం ఏం చేస్తాం? వైరు పీకేస్తాం. 1982లో బలహీనపడిన మనుషుల గుండెల్లో చూస్తే, ఆడ్రినలిన్ వచ్చి తాకే బీటా రిసెప్టర్లు సగానికి పడిపోయాయి. తిండి దగ్గర కూడా పాత రోజులకు వెళ్తుంది. కొవ్వు మండించే యంత్రాంగాన్ని తగ్గించుకుని, కడుపులో ఉన్ననాటిలా చక్కెర వైపు తిరుగుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది అందుకే. కాని ఇన్సులిన్ మాట సరిగ్గా వినే స్థితి పోయింది. అటు కొవ్వూ తగ్గి, ఇటు చక్కెరా చాలక, ఏటీపీ తరుగుతుంది, అంతకంటే ముందు ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతుంది. ఎమ్మారై లాంటి యంత్రంలో మనిషిని పడుకోబెట్టి, గుండె కోయకుండానే ఈ రెండింటి నిష్పత్తి కొలవచ్చు. గుండె సాగిపోయి బలహీనపడిన రోగుల్లో ఆ నిష్పత్తి తక్కువున్నవాళ్లు త్వరగా పోతున్నారని 1997లో తేలింది. సుబ్బారావుగారు కండరం నూరి కనిపెట్టిన రెండు పదార్థాలే అవి. ఆ పేపరు చదివిన రోజు నేను స్టాఫ్ రూములో అందరినీ పిలిచి చూపించాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, టీ టైము.

అలసిన గుండెకు వైద్యం ఏమిటి? చాలాకాలం డాక్టర్లకు తోచింది, గుండెను ఇంకా గట్టిగా కొట్టించే మందు ఇవ్వడం. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టు. బండి నాలుగడుగులు కదులుతుంది. మిల్రినోన్ అనే మందును అలాగే మాత్రలుగా ఇచ్చి చూస్తే, 1991 నాటికి చావులు 28 శాతం పెరిగాయని తెలిసి ఆపేశారు. అన్నయ్య మొదటి ‘బీపీ మాత్ర’ బీటా బ్లాకర్. ఆడ్రినలిన్‌ను అడ్డుకునే ఈ బీటా బ్లాకర్లను అప్పట్లో బలహీనమైన గుండెకు ఇవ్వకూడదని పుస్తకాల్లో ఉండేది, నేనూ అలాగే చదువుకున్నాను. స్వీడన్‌లో కొందరు 1975లోనే ధైర్యం చేసి ఇచ్చారు. వాళ్ల మాట ప్రపంచం ఒప్పుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఎద్దును విప్పి నీడన కడితే అదే కోలుకుంటుందని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో ‘బీపీ మాత్ర’ పాము నుంచి వచ్చింది. బ్రెజిల్‌లో జరారాకా అనే పాము కరిస్తే మనిషికి బీపీ ఢామ్మని పడిపోతుంది. 1960లలో సెర్జియో ఫెరీరా ఆ విషం మీద పని చేశాడు. దాని ఆధారంగా యాంజియోటెన్సిన్ తయారు కాకుండా ఆపే క్యాప్టోప్రిల్ పుట్టింది, 1981లో అమ్మకానికి వచ్చింది. 1992లో, గుండెపోటు తర్వాత పంపింగ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం వాటా, 40 శాతానికి లేదా అంతకంటే కిందికి పడిన 2,231 మందిలో చూస్తే, అది చావులను 19 శాతం తగ్గించింది. అందులో చాలామందికి బీపీ లేదు. అన్నయ్యకు రాసింది ఆ కుటుంబంలోని రామిప్రిల్. ఆ మాత్ర పెట్టె మీద బీపీ అని రాసుంటే ఉండనీ, అతని ఒంట్లో అది చేస్తున్న పని మూత్రపిండాల తప్పుడు ఉత్తర్వులను మధ్యలో ఆపడం. డిశ్చార్జి రోజు ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఎంతమంది “నాకు బీపీ లేదుగా” అని నెల తర్వాత ఆ మాత్రలు మానేస్తున్నారో తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఈ గొడవలో గుండె తన తరఫున కూడా ఒక హార్మోన్ పంపుతుంది. 1981లో కెనడాలో డి బోల్డ్ అనే ఆయన ఎలుక గుండె పైగదుల సారం తీసి ఇంకో ఎలుకకు ఎక్కించాడు. అది ఆగకుండా మూత్రం పోసింది, ఉప్పు పోయింది. గుండె పంపు మాత్రమే అనుకున్న మాకు అది గ్రంథి కూడా అని తెలిసింది. ఆ హార్మోన్ కుటుంబంలోదే బీఎన్‌పీ. మీ రిపోర్టుల్లో ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అని కనిపించేది సాగిపోయిన గుండె పెడుతున్న మొర.

తిండి వైపు నుంచి చేసిన వైద్యాల సంగతి కొంచెం బాధగా ఉంటుంది. కొవ్వు మోపులు వచ్చి పడుతున్నాయి కదా, చక్కెర, ఇన్సులిన్, పొటాషియం కలిపి ఎక్కిస్తే గుండె చక్కెర తింటుందని 1962లో మెక్సికోలో సోడీ పల్లారెస్ అన్నాడు. ఎంత అందమైన ఆలోచన! నేను దాన్ని ఎంత ఇష్టంగా పాఠం చెప్పానో. మన దేశంతో సహా చాలా దేశాల్లో 20,201 మందిని రెండు గుంపులు చేసి చూసి 2005లో ఫలితం చెప్పారు. నెల రోజుల్లో చావులు ఇటూ అటూ నూటికి దాదాపు పదే. ఏమీ తేడా లేదు. గుండెపోటు తర్వాత థైరాయిడ్ హార్మోన్ టీ3 తగ్గుతుంది కదా, థైరాయిడ్ గ్రంథి కాస్త మందగించినవాళ్లకు థైరాయిడ్ మాత్ర ఇద్దామని ఇంగ్లండ్‌లో ప్రయత్నించారు, 2020లో అదీ పంపింగ్ పెంచలేదు.

గుండె తిండి మీద నిజంగా గెలిచినట్టు కనిపిస్తున్న మందు షుగర్ మాత్రల్లోంచి రావడం విచిత్రం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. ఇవి చక్కెరను మూత్రంలో వదిలేయిస్తాయి. వీటి ముత్తాత ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికింది. పంపింగ్ తగ్గిన 4,744 మందిలో డాపాగ్లిఫ్లోజిన్ గుండె బలహీనత ముదరడాన్ని, గుండె జబ్బు చావులను కలిపి 26 శాతం తగ్గించిందని 2019లో తేలింది, షుగర్ ఉన్నా లేకపోయినా. ఎలా అంటే ఉప్పు, నీరు పోవడమా, ఒళ్లు కొంచెం కీటోన్లు చేస్తే గుండె వాటిని తినడమా అని ఇంకా కొట్టుకుంటున్నారు. నాకు రెండోది నిజమైతే బాగుండునని ఉంది, అది పంతులమ్మ స్వార్థం. గుండెపోటు వచ్చిన కొద్ది రోజుల్లోనే, గుండె బలహీనపడే ప్రమాదం ఉన్నవాళ్లకు ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చి చూసిన 2024 ప్రయత్నంలో మాత్రం ముఖ్య ఫలితం రాలేదు, గుండె బలహీనతతో ఆసుపత్రిలో చేరడం తగ్గింది. అన్నయ్యకు ఆరు నెలల తర్వాత ఎకో స్కానులో పంపింగ్ 35 శాతం వచ్చింది. ఇప్పుడు అతను మళ్లీ ఒక షుగర్ మాత్ర వేసుకుంటున్నాడు, షుగర్ లేకుండానే, ఈసారి సరైన కారణానికి. (నవ్వులు, చప్పట్లు)

ప్రశ్నలు అడగండి.

అవునమ్మా, మంచి ప్రశ్న. గుండెకు కొవ్వు ఇష్టమైతే నెయ్యి వేసుకోవచ్చు కదా అంటున్నారు. గుండెకు కావలసిన కొవ్వు మన నడుము దగ్గర బోలెడంత ఉంది. అది వాడుకుంటుంది. నెయ్యి ఎక్కువైతే రక్తనాళం గోడలో కూర్చునే కొలెస్ట్రాల్ లెక్క వేరే పద్దు.

ఆ వెనకాయన... బీటా బ్లాకర్ జన్మంతా వేసుకోవాలా? పంపింగ్ తగ్గినవాళ్లకు దాని మేలు గట్టిది. పంపింగ్ 50, అంతకంటే పైన ఉన్న 5,020 మందిలో చూసి, పెద్ద ప్రయోజనం కనబడలేదని 2024లో చెప్పారు. కాబట్టి మీ ఎకో రిపోర్టు పట్టుకెళ్లి డాక్టర్నే అడగండి, అది అడగదగ్గ ప్రశ్నే. మీ అంతట మీరు మాత్రం ఠక్కున ఆపకండి. కారణం ఆ కాలింగ్ బెల్లే. రోజూ బెల్లును మూసి ఉంచితే, వినపడటం లేదని గుండె ఇంకో నాలుగు బెల్లులు బిగించుకుంటుంది. ఒక్కసారి మాత్ర మానేస్తే మామూలు ఆడ్రినలిన్‌కే అన్నీ కలిసి మోగుతాయి. మా అన్నయ్య పోయినేడు తిరుపతికి వెళ్తూ బిళ్లల డబ్బా ఫ్రిజ్ మీద మరిచిపోయాడు. మూడో రోజు క్యూలో దడ పుట్టి నాకు ఫోన్ చేశాడు, స్వామి దగ్గరున్నాను కదా, ఇంటికొచ్చాక వేసుకుంటాలే అని. తిరుమల కొండ మీద కూడా మందుల షాపు ఉంది అన్నయ్యా, ముందు అక్కడికి వెళ్లు అన్నాను.